పుంగనూరులో నాలుక కూర

ఉషారాణి కుప్పంలో ఉసిళ్ళు తిన్న సంగతి ఆమె కంటే ముందే మదనపల్లె చేరిపోవడం దగ్గర కిందటి వారం ఆగాం. వాన వెలిసిన మర్నాడు, కుప్పం బస్టాండుకు అవతల సిద్దమ్మ అనే ముసలామె గుడిసె ముందర గోనెపట్టా మీద కూర్చుని, బొరుగులతో కలిపి వేయించిన ఉసిళ్ళను, వానకు పుట్టల్లోంచి లేచే ఆ రెక్కల పురుగులను, ఉషారాణి గుప్పెళ్ళతో నమిలింది. పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి ఆ ఊరు వెళ్ళిన బైరప్ప అది చూశాడు. బైరప్ప ఆమె భర్త దేవరాజులుకు పెదనాన్న కొడుకు. ఆ సాయంత్రమే కురబలకోట దగ్గర పొలంలో టమోటా మొక్కలకు కట్టెలు పాతుతున్న దేవరాజులు దగ్గరికి వచ్చి, "మీ ఇంటామె పురుగులు తింటాండాదప్పా, నా కండ్లతో సూసినా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉసిళ్ళు తినడం తప్పని దేవరాజులు అనుకోలేదు. చిన్నప్పుడు అతనూ తిన్నాడు. అతనికి గుచ్చుకున్నది వేరే. ఆ రోజు ఉషారాణి బెల్లం కొనడానికి పలమనేరు పోతున్నానని చెప్పి బస్సెక్కింది. సాయంత్రం బెల్లం దిమ్మె చేతిలో పెట్టుకుని ఇంటికి వచ్చింది కూడా. పలమనేరు దాటి, వెంకటగిరికోట దాటి, కుప్పం దాకా ఎందుకు పోయినట్టు? పోతే పోయింది, దాచడం ఎందుకు?

అతను అడగలేదు. ఆమె పెట్టిన సంగటి తిని, చేయి కడుక్కుని, మిద్దె మీదికి వెళ్ళి పడుకున్నాడు.

ఉషారాణికి తిండి మీద ఉన్న ఇష్టం మదనపల్లెలో తెలియనివాళ్ళు తక్కువ. బస్టాండు దగ్గర ఆమె నడిపే మెస్సులో లెక్చరర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళ బంధువులు రెండు పూటలా భోంచేస్తారు. ఏ ఊరి నుంచి ఎవరొచ్చినా వాళ్ళ ఊళ్ళో ఏం వండుతారో అడగనిదే ఆమె ఆకు వేయదు. కొత్త కూర పేరు వింటే అది తినేదాకా ఆమెకు కుదురుండదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బస్సు ఆగినచోట ఎవరింట్లోంచో తాలింపు వాసన వస్తే, దిగి వెళ్ళి ఆ ఇంటావిడను అదేం కూరని అడిగి, బస్సు పోగొట్టుకుంది. దేవరాజులు ఆ కథ చెప్పి చెప్పి నవ్వేవాడు.

కానీ తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో విషజ్వరం వచ్చి లేచాక ఆ ఇష్టం ఒక తీరు తప్పింది. వారానికి ఒకసారైనా మెస్సును పనిమనిషి మునిలక్ష్మి మీద వదిలేసి ఎక్కడికో పోతోంది. పలమనేరులో పొట్టేలి నెత్తుటితో చేసే నల్ల వేపుడు తినొచ్చింది. ఎవరో చెప్పారని కంచె మీది నల్లేరు కాడలు తెచ్చి పచ్చడి నూరి, గొంతు దురదపెడుతున్నా రెండు పూటలు అదే తింది. ఇటు మెస్సులో ఒకరోజు రసంలో ఉప్పు ఉండదు, ఇంకోరోజు పప్పు నోట పెట్టలేనట్టు ఉంటుంది. ఇద్దరు లెక్చరర్లు చెప్పాపెట్టకుండా వేరే మెస్సుకు మారిపోయారు. ఆమె మనసు మెస్సులో లేదని దేవరాజులుకు అర్థమైంది. ఎక్కడుందో అర్థం కాలేదు.

గురువారం పొద్దున అతను పొలం నుంచి టమోటా గంపలు మండీలో దించి మెస్సుకు వచ్చేసరికి ఉషారాణి లేదు. మునిలక్ష్మి పొయ్యి దగ్గర గరిట పట్టుకుని ఉంది. ఎక్కడికి పోయిందని అడిగితే ఆమె ముందు కళాయి గిన్నెలని ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఖదీజమ్మ గారింటికని ఒప్పుకుంది. ఖదీజా భర్త జిలాన్ పుంగనూరు నుంచి వచ్చి మెస్సు ఇత్తడి గిన్నెలకు కళాయి పోసిపోతుంటాడు. అయితే గిన్నెలన్నీ మెస్సులోనే, గూట్లో బోర్లించి ఉన్నాయి. దేవరాజులు వాటి వంక ఒకసారి చూసి, చొక్కా మార్చుకోకుండానే పుంగనూరు బస్సెక్కాడు.

దారి పొడుగునా అనాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మెస్సు పెట్టుకుంటానంటే ఊళ్ళో అందరూ వద్దన్నా తాను అడ్డం చెప్పలేదని, ఎక్కడికి పోతానన్నా కాదనలేదని, కాదనని మనిషికి అబద్ధం చెప్పాల్సిన పనేమొచ్చిందని. ఆ మాటలు నలుగురి ముందు అనకూడదనీ, ఆమెను బయటికి పిలిచి సందు మొదట్లోనే అనెయ్యాలనీ అనుకున్నాడు.

జిలాన్ ఇల్లు పాత బస్టాండు వెనక సందులో ఉంది. అతను పని మీద పక్క ఊరికి పోయాడు. ఇంట్లో ఖదీజా, ఆమె కోడలు నిలోఫర్ ఉన్నారు. ఉషారాణి అంతకు కాసేపటి ముందే వచ్చింది. ఆమె అడిగిన కూర పొయ్యి మీద ఉంది. పొట్టేలి నాలుక. కిందటిసారి జిలాన్ మదనపల్లె వచ్చినప్పుడు, మీ ఇళ్ళలో జబాన్ కూర చేస్తారట కదా, నాకొకసారి తినాలని ఉందని ఆమె చెప్పి పంపింది. జిలాన్ కసాయికి ముందే చెప్పిపెట్టి నాలుకలు తెప్పించాడు. ఖదీజా వాటిని ఉడకబెట్టి, పైనున్న తెల్లటి పొర ఒలిచి, సన్నగా ముక్కలు కోసి, పుదీనా, కొబ్బరి నూరి వేసి, ఉప్పు వేసి మూతపెట్టింది. ఆ రోజు ఆమెకు ఉపవాసం. నోట్లో వేసుకుని చూసే వీలు లేదు. అయినా చేతికి అలవాటైన వంట, చూడాల్సిన పని ఏముందని అనుకుంది. ఈలోగా ఉషారాణి గడపలో కనబడింది. ఖదీజా ఎదురు వెళ్ళింది. లోపల నిలోఫర్ మూత తీసి, అత్తయ్య ఉప్పు వేయకుండానే లేచిపోయిందనుకుని, తానూ వేసింది.

దేవరాజులు తలుపు దగ్గర నిలబడేసరికి ఉషారాణి చాప మీద, పళ్ళెం ముందర కూర్చుని ఉంది. అతన్ని చూసి ఆమె ముఖం పాలిపోయింది. అతను అనాలనుకున్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఖదీజా కొంగు తల మీదికి లాక్కుంటూ ముందుకు వచ్చి, మీరు ఇన్నాళ్ళకు మా ఇంటికి వచ్చారని, ఆయన ఉంటే ఎంత సంతోషపడేవారోనని, రండన్నా రండని చెంబుతో నీళ్ళు ఇచ్చి, ఇంకో చాప పరిచేసింది. ఎదురుగా అంత సంతోషం పెట్టుకుని కోపం ఎలా తీయాలో అతనికి తెలియలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

అతనికి బయట తినే అలవాటు లేదు. పరాయి ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా మొహమాటపడతాడు. తిననంటే ఖదీజా మతం పట్టింపు అనుకుంటుందేమోనని పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. నిలోఫర్ ఇద్దరికీ అన్నం పెట్టి, కూర వడ్డించింది.

ఉషారాణి అతని వైపు చూడకుండా మొదటి ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలింది. ఎంత మెత్తగా ఉందో, వెన్నలాగా ఉందని చెప్పింది. ఇంత కమ్మటి కూర ఈ మధ్యకాలంలో తినలేదని ఖదీజాతో అంది. ఖదీజా ముఖం విప్పారింది.

దేవరాజులు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాలుక కాలినట్టయింది. ఉప్పు. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. మింగలేక, ఊయలేక, బుగ్గన పెట్టుకుని నీళ్ళ చెంబు కోసం చూశాడు. ముందు అతనికి తోచింది, ఉషారాణి మర్యాదకు తింటోందని. వండినవాళ్ళ మనసు నొప్పించకూడదని ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతూ తినగలదు. ఆమెలోని ఆ గుణం అతనికి తెలుసు. ఓరకంట చూశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. గుటక వేసేటప్పుడు గొంతు తడబడలేదు. చెంబు ముట్టుకోలేదు. పళ్ళెంలో కూర అయిపోతే ఇంకొంచెం వేయమని గిన్నె వైపు చేయి చాపింది.

అతను మంచినీళ్ళతో ముద్ద మింగాడు. ఆ మింగడం ఖదీజా చూసింది. అంత పెద్ద మనిషి కళ్ళు ఎర్రబడటం చూసి, కారం ఎక్కువైందేమోనని కోడలికి సైగ చేసింది. నిలోఫర్ గరిట అంచున వేలు రాసి నాలుక మీద పెట్టుకుని, అక్కడే నిలబడిపోయింది. తరువాత అత్తతో గొణిగింది. ఉప్పు నువ్వూ వేశావా అని.

ఖదీజా చెంపలు వాయించుకున్నంత పని చేసింది. అయ్యో అన్నా, తినొద్దు, పక్కన పెట్టేయండని దేవరాజులు పళ్ళెం పట్టుకుంది. అప్పుడు ఆమె చూపు ఉషారాణి పళ్ళెం మీద పడింది. మొదట వడ్డించిన కూర జాడ లేదు. రెండోసారి వేసిన కూర కూడా సగం అయిపోయింది.

"ఉషమ్మా, నువ్వెట్ల తిన్నావు? నీకు తెలీలేదా?"

ఉషారాణి చేయి ముద్ద మీద ఆగింది. ఒకరి ముఖం తరువాత ఒకరి ముఖం చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూస్తున్నట్టు పెదవులు కదిలాయి. చివరికి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఉప్పు ఎక్కువైందా?"

ఆ ప్రశ్న అడగగానే అందరికీ అంతా తెలిసిపోయింది. కొంగుతో ఒళ్ళు కప్పుకుని, తల వంచుకుని, ఎంగిలి చేతి వేళ్ళను చూసుకుంటూ ఉషారాణి కూర్చుంది. ఖదీజా వచ్చి ఆమె పక్కన కూర్చుని వీపు మీద చేయి వేసింది. నిలోఫర్ లోపలికి పోయింది.

అప్పుడు చెప్పింది ఉషారాణి. ఎండాకాలం జ్వరం తగ్గిన పొద్దున మునిలక్ష్మి కాఫీ ఇస్తే, అది ఉడుకు నీళ్ళలా ఉంది. డికాక్షన్ పలచనయిందనుకుంది. ఊరగాయ నాకింది. నూనె జిడ్డు తెలిసింది, మంట తెలిసింది, ఊరగాయ తెలియలేదు. చక్కెర డబ్బాలో చేయి పెట్టి నోట్లో పోసుకుంటే ఇసుక నమిలినట్టయింది. జ్వరం నోరు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనుకుంది. సర్దుకోలేదు. ముక్కు కూడా అంతే. సాంబ్రాణి పొగ కళ్ళకు తగలాల్సిందే కానీ ముక్కుకు తెలియదు. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి పోయింది. జ్వరంలో నరాలు దెబ్బతిన్నాయని, తిరిగి రావచ్చనీ రాకపోవచ్చనీ ఆయన అన్నాడు. బలం మాత్రలు రాసిచ్చాడు.

మెస్సు ఎట్లా నడుస్తోందని ఖదీజా అడిగింది. మునిలక్ష్మి నోటితో నడుస్తోందని ఉషారాణి చెప్పింది. ప్రతి గిన్నె దగ్గరా మునిలక్ష్మి రుచి చూసి, ఒక చిటికెడు, రెండు చిటికెలని చెబుతుంది. మునిలక్ష్మి రాని రోజు చేతి అలవాటును నమ్ముకుని వేస్తుంది. అలాంటి రోజుల్లోనే లెక్చరర్లు వెళ్ళిపోయారు.

దేవరాజులుకు వినాయక చవితినాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. పప్పులో ఉప్పు లేదని, ఊరంతా తిరిగి తింటావు, ఇంటి పప్పులో ఉప్పేయడానికి మనసు రాదా అని అతను పళ్ళెం తోసేశాడు. ఆమె ఏమీ అనకుండా ఉప్పు గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో తలుచుకోవాలని చూశాడు, గుర్తురాలేదు. అతను ఆమె ముఖం చూడలేదు.

"మునిలక్ష్మికి చెప్పినావు" అన్నాడు. "నాకు యాల చెప్పలా?"

కోపంగా అనాలనుకున్నాడు కానీ గొంతు అలా రాలేదు. ఉషారాణి తల ఎత్తింది.

"చెప్తే ఇంక నువ్వు తినేటప్పుడల్లా నన్నే సూస్తా ఉంటావు మామా. కూడును సూడవు. పాపం, ఈమెకు ఏం తెలస్తాది అని ముద్ద ముద్దకూ అనుకుంటావు. ఉప్పు లేకపోయినా బాగుండాదంటావు. నాకది వద్దు. నా చేతి కూడు బాగలేదని నువ్వు తిట్టినా, అది కూడును తిట్టినట్టు. నన్ను జాలిగా సూడొద్దు."

అతను ఉసిళ్ళ సంగతి అడిగాడు. రుచే తెలియనప్పుడు కుప్పం దాకా పోయి ఉసిళ్ళు తినడమెందుకు, పలమనేరు పోయి నెత్తురు తినడమెందుకు అన్నాడు. అడుగుతున్నప్పుడు అది అతనికి నిజంగానే అర్థంకాని విషయం.

ఉషారాణి చెప్పింది. ఇంట్లో పితికిపప్పు తింటే, అందులో ఉండాల్సిందేమిటో ఆమెకు అంతా తెలుసు. అనపగింజల పచ్చి వాసన, కొబ్బరి తీపి, తెల్లగడ్డ ఘాటు. ఏవేవి లేవో వరసగా తెలుస్తుంది. ఒక్కో ముద్దా ఒక్కో చావు పలకరింపు లాగా ఉంటుంది. ముందెప్పుడూ తినని కూర అయితే ఆ బాధ లేదు. అది ఎలా ఉండాలో తెలియదు కాబట్టి పోయిందేమీ లేదు. ఉసిళ్ళు నమిలితే కరకరమన్నాయి. నల్ల వేపుడు పొడిపొడిగా రాలింది. నల్లేరు గొంతులో దురదపెట్టింది. అది కూడా ఏదో ఒకటి తెలియడమే కదా అని ఆ రోజు సంతోషంగా ఉంది.

"ఎప్పుడో ఒకరోజు, ఏదో ఒక కూర, తలుపు తట్టినట్టు తడుతుందేమోనని పోతాండాను మామా. ఏది తడుతుందో తెలీదు కదా. అందుకని అన్నీ తింటాండాను."

నాలుక కూర ఎందుకు అడిగిందో కూడా చెప్పింది. కుప్పంలో ఉసిళ్ళు పెట్టిన సిద్దమ్మ, ఈమె తినే తీరు చూసి ఏదో కనిపెట్టినట్టు, నోరు పోయినవాళ్ళు పొట్టేలి నాలుక తింటే నోరు వస్తుందని మా అమ్మ చెప్పేదని అంది. అది నిజం కాదని ఉషారాణికి తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించింది. పొద్దున్నే జిలాన్ మెస్సుకు వస్తే, దేవుడే పంపాడనుకుంది.

ఖదీజా కళ్ళు తుడుచుకుంది. నీకు ఎలాంటి కూర పెట్టానమ్మా అని బాధపడింది. ఆ కూర తీసేసి, కోడిగుడ్లు వేయించి తెస్తానని లేచింది. దేవరాజులు పళ్ళెం మాత్రం వదల్లేదు.

"ఉండనీ తల్లీ. ఇదే తింటాను" అన్నాడు.

అది తినే కూర కాదన్నా అని ఖదీజా ఎంత చెప్పినా అతను వినలేదు. పళ్ళెం ఇంకా ముందుకు లాక్కున్నాడు. ఒక్కో ముద్దకూ అతని మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఉప్పుకు వచ్చినవో, మరెందుకు వచ్చినవో అతనికీ తెలియదు. ఉషారాణి వద్దు మామా, బీపీ మనిషివి అని చేయి పట్టుకోబోయింది. అతను ఎడం చేత్తో ఆమె చేయి పక్కకు జరిపి, పళ్ళెం అడుగు కనిపించేదాకా తిన్నాడు. ఎందుకు తిన్నాడో అడిగితే చెప్పలేడు. తాను తోసేసిన పప్పు పళ్ళెం ఒకటి ఉంది కదా అనుకున్నాడేమో.

తరువాత చెంబుల మీద చెంబులు నీళ్ళు తాగాడు. నిలోఫర్ మజ్జిగ తెచ్చి ఇస్తే అదీ తాగాడు. అతని అవస్థ చూసి ముందు నిలోఫర్‌కు నవ్వు వచ్చింది, ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి ఖదీజాకు, ఖదీజాను చూసి ఉషారాణికి నవ్వు వచ్చింది. దేవరాజులు కూడా నవ్వాడు. ఆ ఇంట్లోకి వచ్చేటప్పుడు తెచ్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా అతనికి అప్పుడు గుర్తులేదు.

వెళ్ళేటప్పుడు ఖదీజా ఉషారాణిని గడప దగ్గర ఆపింది. మా ఇంట్లో ఎప్పుడు ఏ కూర చేసినా నీకు కబురు పెడతాను, తెలిసినా తెలియకపోయినా వచ్చి తిను అని చెప్పింది. ఉషారాణి తల ఊపింది.

బస్టాండులో మదనపల్లె బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చి దేవరాజులు పక్కన కూర్చున్నాడు. ఇద్దరి ముందర సీట్లో పలకల సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక పంతులమ్మ కునుకు తీస్తోంది. ఎన్నో ఏళ్ళ తరువాత పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేస్తున్నట్టు దేవరాజులుకు అనిపించింది. బస్సు ఎక్కడైనా ఆగితే, ఆమె కిటికీ బయటికి ముఖం పెట్టి ఎవరింట్లో ఏం తాలింపు వేస్తున్నారో చెబుతుందని అలవాటుగా ఎదురుచూశాడు. వెంటనే ఆమెకు వాసన తెలియదని గుర్తొచ్చింది.

రేపటి నుంచి మెస్సులో పొద్దున రుచి చూసే పని తాను చేస్తానన్నాడు. మునిలక్ష్మికి ఒక్కదానికే ఎందుకు ఆ భారం అని. నీ నోటికి ఉప్పు తప్ప ఇంకేం తెలుస్తుందని ఉషారాణి అంది. ఆ మాటలో పాత ఎకసెక్కెం కొంచెం వినిపించింది. దానికే అతను సంతోషపడ్డాడు. వచ్చే వారం మళ్ళీ కుప్పం పోవాలని ఉంటే చెప్పు, నేనూ వస్తాను, ఉసిళ్ళు తిని చాన్నాళ్ళయింది అన్నాడు. ఆమె అతని వైపు తిరిగి చూసి, నిజంగానే అంటున్నాడా అని ముఖంలో వెతికింది.

ఎండ తగ్గింది. రోడ్డుకు రెండు పక్కలా వేరుశెనగ చేలు, మధ్య మధ్య టమోటా తోటలు, దూరంగా గుట్టలు. చల్లటి గాలి కిటికీలోంచి కొడుతోంది. ఉషారాణి తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు.

ఉన్నట్టుండి ఆమె నిటారుగా కూర్చుంది.

ముఖం పైకెత్తి, ముక్కుపుటాలు విప్పి, గాలిని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కిటికీలోంచి బయటికి చూసింది, బస్సు లోపలికి చూసింది. చేయి అతని మోకాలి మీద పడి గట్టిగా బిగుసుకుంది.

"మామా, ఏదో మాడతాండాది."

దేవరాజులు గాలి పీల్చాడు. డీజిలు వాసన వచ్చింది. ఎవరివో మూటల్లోంచి కొత్తిమీర వాసన వచ్చింది. పక్క వరసలో కూర్చున్న ఒక ముసలాయన చుట్ట ఆర్పేసి చాలాసేపైంది, దాని వాసన కూడా లేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ కదలడం లేదు. కండక్టరు టిక్కెట్లు లెక్క చూసుకుంటున్నాడు. రోడ్డు పక్కన పొగ లేదు, మంట లేదు, ఇల్లు లేదు. ముందు సీటు పంతులమ్మ అలాగే కునుకుతోంది.

అతను మళ్ళీ పీల్చాడు. ఎంత పీల్చినా ఏదీ మాడటం లేదు.

ఉషారాణి ముఖం మాత్రం వెలిగిపోతోంది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి. ఇన్ని నెలలుగా ఆమె ముఖంలో అతను చూడనిది, చూడటం మరిచిపోయినది, ఇప్పుడు అక్కడ ఉంది. వాసన వస్తాండాది మామా, నాకు తెలస్తాండాది, అని ఆమె చిన్నగా అంటూనే ఉంది. లేని వాసన రావడం మంచికో చెడ్డకో అతనికి తెలియదు. పోయిన ముక్కు తిరిగి వస్తోందో, జ్వరం తలలో ఇంకేదో చేసి పోయిందో, ఎవరిని అడగాలో తెలియదు. లేదని చెబితే ఆ ముఖం ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

జాలిగా సూడొద్దని ఆమె చెప్పి పూట కూడా గడవలేదు.

"అవును ఉషా" అన్నాడు దేవరాజులు. "నాకూ వస్తాండాది."

ఉషారాణి గాలి పీల్చడం ఆపింది. నెమ్మదిగా అతని వైపు తిరిగింది. అతని కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"అట్లనా? ఏం మాడతాండాదో చెప్పు మామా."